పదవి రద్దు – మొర వినే వేదిక: మద్నూర్ సరిహద్దు గ్రామాల నుండి ఒక చారిత్రక పరిశీలన (1956–2025)

వ్యాస సంగ్రహం

ప్రభుత్వం ఒక ఉద్యోగిని శిక్షిస్తే అతనికి అప్పీలు హక్కు ఉంటుంది. పదవినే రద్దు చేస్తే ఆ హక్కు ఏమవుతుంది? ఈ ప్రశ్నకు తెలుగు నేలపై లభించిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నేటి కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లోని మద్నూర్ ప్రాంతం ఈ పరిశీలనకు ఆధారభూమి. 1956లో రాష్ట్ర సరిహద్దు మారడం, 1984లో పటేల్ పట్వారీ పదవుల రద్దు, 1985లో తాలూకా వ్యవస్థ ముగింపు, 2020లో గ్రామ రెవెన్యూ అధికారి పదవుల రద్దు అనే నాలుగు ఘట్టాలను ఈ నేల చూసింది. పదవిని రద్దు చేసే నిర్ణయం వేరు, ఆ పదవిలో ఉన్న మనిషిని ఏం చేయాలనే నిర్ణయం వేరు అని, రెండవదానిపై మొర వినే వేదిక ఉండాలనే సూత్రం 1956 నాటి చట్టంలోనే ఉందని, తరువాతి కాలం దానిని మరచిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పదవి రద్దు, అప్పీలు, పటేల్ పట్వారీ వ్యవస్థ, గ్రామ రెవెన్యూ అధికారి, మద్నూర్, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ, 311వ అధికరణం.

1. ప్రవేశిక

గ్రామ పాలన చరిత్రను రాసినవారు పటేల్ పట్వారీల అధికారాన్ని గురించి విస్తారంగా రాశారు. భూమి లెక్కలు తన చేతిలో ఉన్న పట్వారీ ఎవరికి ఎంత మేలు, ఎంత కీడు చేయగలడో తెలంగాణ సాహిత్యం, పోరాట చరిత్ర, జ్ఞాపక రచనలు చెబుతూనే ఉన్నాయి. ఆ వ్యవస్థ రద్దు కావడాన్ని ప్రజలు చాలాచోట్ల హర్షించారు. అయితే అధికారం కోల్పోయిన వ్యవస్థ చరిత్ర ఒకటి, కొలువు కోల్పోయిన మనిషి చరిత్ర మరొకటి. మొదటిదాని వెలుగులో రెండవది మరుగున పడింది. కొలువు పోయిన నాడు ఆ మనిషి ఎవరికి అర్జీ పెట్టుకోవాలి, ఎన్ని రోజులలో పెట్టుకోవాలి, ఎవరు విని తీర్పు చెప్పాలి అన్న ప్రశ్నలకు పరిశోధనలో తగిన స్థానం దక్కలేదు.

ఈ వ్యాసం రద్దు మంచిదా చెడ్డదా అనే వాదనలోకి వెళ్లదు. ఒక విధాన నిర్ణయం సమంజసమైనదే అయినప్పటికీ దాని ఫలితాన్ని అనుభవించే వ్యక్తికి న్యాయమైన విచారణ దక్కకపోవచ్చు. ఈ రెండు విషయాలను కలిపి చూడడం వల్లనే అప్పీలు ప్రశ్న చర్చకు రాకుండా పోయింది. వాటిని విడదీసి చూడడమే ఈ వ్యాసం చేసే పని.

2. మద్నూర్: మారిన సరిహద్దు, నిలిచిన కొలువు

మద్నూర్ మూడు భాషలు వినిపించే నేల. పడమట మహారాష్ట్రలోని దెగ్లూర్, నైరుతిన కర్ణాటక సరిహద్దు ఉన్నాయి. తెలుగు, మరాఠీ, కన్నడం ఇక్కడి సంతలో కలిసి నడుస్తాయి. హైదరాబాద్ సంస్థానంలో ఈ ప్రాంతం నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాకు చెందినది. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలోని మూడవ సెక్షను దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను వేరుచేసి ఆంధ్రప్రదేశ్‌లో చేర్చింది. 1956 నవంబర్ 1న ఇక్కడి గ్రామాలు ఒక రాష్ట్రంలో మేలుకొనవలసినవి మరొక రాష్ట్రంలో మేలుకొన్నాయి. 1961 జనాభా లెక్కల నాటికి నిజామాబాద్ జిల్లా తాలూకాలలో మద్నూర్ ఒకటిగా కనిపిస్తుంది.

సరిహద్దు కదిలినప్పుడు ఉద్యోగి ఏమవుతాడు? ఈ ప్రశ్నను 1956 చట్టం ముందే ఊహించింది. ఒక ప్రాంతం మరో రాష్ట్రంలోకి వెళ్లినప్పుడు అక్కడ పదవిలో ఉన్న వ్యక్తి అదే పదవిలో కొత్త రాష్ట్రం కింద కొనసాగుతాడని 116వ సెక్షను చెప్పింది. అంటే దెగ్లూర్ తాలూకా సర్కిల్‌లో పనిచేస్తున్నవాడు ఒక్క ఉత్తర్వు కూడా అందుకోకుండానే ఆంధ్రప్రదేశ్ ఉద్యోగి అయ్యాడు. సేవల పంపకాన్ని గురించి చెప్పిన 115వ సెక్షను ఇంకొక అడుగు ముందుకు వేసింది. దానిలోని 5వ ఉపసెక్షను ప్రకారం కేంద్ర ప్రభుత్వం సలహా సంఘాలను నియమించవచ్చు. ఆ సంఘాల పనులు రెండు. సేవల విభజనలో, విలీనంలో కేంద్రానికి సహకరించడం మొదటిది. ఆ సెక్షను వల్ల ప్రభావితులైన వారందరికీ న్యాయమైన, సమానమైన వ్యవహారం దక్కేలా చూడడం, వారు చేసుకొన్న విజ్ఞప్తులు సరైన పరిశీలనకు నోచుకొనేలా చూడడం రెండవది. 7వ ఉపసెక్షను మరొక రక్షణ కల్పించింది. కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా ఆ ఉద్యోగుల సేవా నిబంధనలను వారికి నష్టం కలిగేలా మార్చరాదు.

ఈ ఏర్పాటులోని విశేషాన్ని గమనించాలి. రాష్ట్రాలను విడదీయాలా వద్దా అన్నది పార్లమెంటు నిర్ణయం. దానిపై మద్నూర్ గుమాస్తాకు అప్పీలు లేదు. కాని ఆ నిర్ణయం వల్ల తన సీనియారిటీ, జీతం, స్థానం ఎలా మారాయన్న విషయంపై అతనికి మొర పెట్టుకొనే చోటు ఉంది. ఆ మొర వినవలసిన వేదిక అతనిని పనిలో పెట్టుకొన్న రాష్ట్రం కాదు, దానికి పైన ఉన్న కేంద్రం. ఎవరి నిర్ణయం వల్ల నష్టం కలిగిందో వారే తీర్పరులు కారాదన్న సూత్రం ఇక్కడ నిశ్శబ్దంగా అమలైంది. ఇదే ఏర్పాటు 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 80వ సెక్షనులోనూ కనిపిస్తుంది.

3. అప్పీలు నియమాల నిర్మాణం

సాధారణ సేవా నియమాలలో అప్పీలు ఎలా పనిచేస్తుందో చూస్తే పదవి రద్దు దగ్గర అది ఎందుకు ఆగిపోతుందో అర్థమవుతుంది. రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రకారం పౌర పదవిలో ఉన్న వ్యక్తిని డిస్మిస్ చేయాలన్నా, తొలగించాలన్నా, హోదా తగ్గించాలన్నా అభియోగాలను తెలియజేసి, విచారణ జరిపి, సమాధానం చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలు 1963లో వచ్చాయి. వాటి స్థానంలో వచ్చిన 1991 నియమాల ప్రకారం శిక్షకు గురైన ఉద్యోగి ఉత్తర్వు ప్రతి తనకు అందిన నాటి నుండి మూడు నెలలలోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

ఈ నిర్మాణానికి నాలుగు ఆధారాలు ఉన్నాయి. ఒక వ్యక్తి, అతనిపై ఒక ఉత్తర్వు, ఆ ఉత్తర్వు ప్రతి అందిన తేదీ, ఉత్తర్వు ఇచ్చిన అధికారికి పైన మరొక అధికారి. పదవి రద్దులో ఈ నాలుగూ ఉండవు. రద్దయినది పదవి కనుక వ్యక్తి పేరు ఎక్కడా ఉండదు. ఉత్తర్వు స్థానంలో చట్టం లేదా ఆర్డినెన్సు ఉంటుంది. ప్రతి అందిన తేదీ లేదు కనుక గడువు మొదలయ్యే రోజే లేదు. శాసనసభకు పైన అప్పీలు అధికారి లేడు. కనుక పదవి రద్దుకు గురైన ఉద్యోగికి అప్పీలు నిరాకరించారని అనడం కూడా సరికాదు. అసలు అప్పీలు అనే రూపం అతనికి వర్తించదు.

న్యాయస్థానాలు ఈ స్థితిని స్థిరపరిచాయి. కేరళకు చెందిన ఎం. రామనాథ పిళ్ళై కేసులో 1973లో సుప్రీంకోర్టు పదవిని రద్దు చేయడం 311వ అధికరణం చెప్పే తొలగింపు కాదని తేల్చింది. సద్బుద్ధితో చేసిన పదవి రద్దు ప్రభుత్వ విధాన పరిధిలోనిదని 1975లో హర్యానాకు చెందిన దేస్‌రాజ్ సంగర్ కేసులో చెప్పింది. మొర పెట్టుకొనేవారికి మిగిలినది ఒకటే దారి. రద్దు వెనుక దురుద్దేశం ఉందని నిరూపించాలి. చట్టసభకు దురుద్దేశాన్ని ఆపాదించడానికి వీలులేదు కనుక చట్టం ద్వారా జరిగిన రద్దు విషయంలో ఆ దారి కూడా మూసుకుపోయింది.

4. 1984: ఒక ఆర్డినెన్సు, అన్ని గ్రామాలు

తెలంగాణ గ్రామంలో మాలీ పటేల్ శిస్తు వసూలు చేసేవాడు. పోలీసు పటేల్ శాంతిభద్రతలు చూసేవాడు. పట్వారీ పహాణీ రాసేవాడు. వీరి పదవులు చాలాకాలం వతన్ రూపంలో వంశపారంపర్యంగా సాగాయి. 1960లో గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు గ్రామ పదవికి కుటుంబం ప్రాతిపదికగా ఎంపిక చేయడం 16వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. ఆంధ్ర ప్రాంతంలో మునసబు, కరణాల వారసత్వ పునాదిని ఆ తీర్పు కదిలించింది. అందుకే 1984 నాటికి ఈ పదవులలో ఉన్నవారిని కేవలం పాత వతన్‌దారులుగా చూడడం చారిత్రకంగా అసంపూర్ణం. వారిలో నియామకం ద్వారా వచ్చినవారు కూడా ఉన్నారు.

1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వ హయాంలో పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులను రద్దు చేస్తూ ఆర్డినెన్సు వెలువడింది. ఆంధ్ర ప్రాంతంలోని కరణం, మునసబు, తెలంగాణలోని పటేల్, పట్వారీ అందరూ ఒకే రోజున పదవులు కోల్పోయారు. వారి స్థానంలో పూర్తికాల గ్రామ సహాయకులను నియమించాలని ప్రభుత్వం తలపెట్టింది. శాసనసభ ఆమోదంతో చట్టం కావడానికి బదులు ఆ ఆర్డినెన్సు గడువు ముగిసినప్పుడల్లా మరొక ఆర్డినెన్సుగా మళ్లీ మళ్లీ జారీ అయింది.

మద్నూర్ వంటి సరిహద్దు తాలూకాలో ఈ మార్పునకు ఒక ప్రత్యేక పార్శ్వం ఉంది. నిజాం కాలపు దస్త్రాలు ఉర్దూలో ఉండేవి. మరాఠ్వాడా వైపు గ్రామ లెక్కలలో మరాఠీ వాడుక కూడా ఉండేది. ఇలాంటి దస్త్రాన్ని చదవడం, ఏ సర్వే నంబరు ఏ వాగు పక్కన ఉందో చెప్పడం అనుభవం వల్ల వచ్చే విద్య. పదవి రద్దయినప్పుడు ఆ విద్యకు విలువ కట్టే పద్ధతి ఏదీ లేదు. దస్త్రం అప్పగించడం మాత్రమే విధిగా మిగిలింది.

పార్ట్‌టైమ్ అన్న మాట ఇక్కడ నిర్ణాయకమైనది. పూర్తికాల శాశ్వత పదవి రద్దయిన ఉద్యోగికి పింఛను నియమాలలో పరిహార పింఛను అనే ఏర్పాటు ఉంది. మరొక పదవిని అంగీకరించే వీలు కూడా ఉంది. పార్ట్‌టైమ్ గ్రామాధికారి ఈ రక్షణ పరిధికి వెలుపల ఉన్నాడు. అస్సాంలోని మౌజాదారు కూడా పౌర పదవిలో ఉన్నవాడేనని 1966లో కనక్ చంద్ర దత్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన గ్రామాధికారి రాజ్యాంగం దృష్టిలో ప్రభుత్వోద్యోగి. జీతం, పింఛను దగ్గరకు వచ్చేసరికి అతడు సగం ఉద్యోగి. కొలువు పోయేటప్పుడు ఈ సగమే లెక్కకు వచ్చింది.

5. సుప్రీంకోర్టు ముందు గ్రామాధికారి

తెలుగు గ్రామాధికారుల కేసుకు ముందు తమిళనాడు కేసు ఒకటి ఉంది. 1980 నవంబర్‌లో తమిళనాడు ప్రభుత్వం ఇదే విధంగా పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులను ఆర్డినెన్సు ద్వారా రద్దు చేసి, 1981లో చట్టం చేసింది. కె. రాజేంద్రన్ కేసులో 1982లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. అయితే ఆ విచారణలో ఒక ముఖ్యమైన విషయం జరిగింది. కనీస విద్యార్హత ఉన్న పూర్వ గ్రామాధికారులను ఒక సంఘం పరిశీలించి కొత్త పదవులకు తగినవారిని ఎంపిక చేస్తుందని ప్రభుత్వం తరఫున కోర్టుకు హామీ లభించింది. చట్టం ఇవ్వని వేదికను విచారణ సమయంలో జరిగిన సంభాషణ ఇచ్చింది. అది హక్కుగా కాక హామీగా వచ్చిందన్నది వేరే మాట.

ఆంధ్రప్రదేశ్ గ్రామాధికారుల వాదనలను టి. వెంకటరెడ్డి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1985లో విన్నది. ప్రభుత్వ నిర్ణయం చెల్లుతుందని చెబుతూ ధర్మాసనం రాజేంద్రన్ తీర్పును అనుసరించింది. ఆర్డినెన్సుకు చట్టంతో సమానమైన బలం ఉందని, దాన్ని జారీ చేసిన ఉద్దేశాలను కోర్టు ప్రశ్నించదని చెప్పింది. ఆర్డినెన్సు తరువాత చట్టం కాకుండా ముగిసిపోయినా రద్దయిన పదవులు తిరిగి ప్రాణం పోసుకోవని కూడా తేల్చింది. పదవి రద్దు పూర్తయిన కార్యమన్నది ఆ తర్కం.

ఇక్కడ గ్రామాధికారి ఏ రూపంలో కోర్టుకు వెళ్లాడో గమనించాలి. అతడు వేసినది అప్పీలు కాదు, రిట్. అప్పీలులో ‘నా విషయంలో ఇది అన్యాయం’ అని చెప్పవచ్చు. రిట్‌లో ‘ఈ శాసనం రాజ్యాంగ విరుద్ధం’ అని చెప్పాలి. ఒక గ్రామ పట్వారీ తన ముప్పై ఏళ్ల సేవ గురించి, తన వయస్సు గురించి, మరో పనికి తనకున్న అర్హత గురించి చెప్పుకోవలసిన చోట ఆర్డినెన్సు అధికార పరిధి గురించి వాదించవలసి వచ్చింది. వాదన ఓడిపోయినప్పుడు అతని సొంత విషయం వినబడకుండానే ముగిసిపోయింది.

రాష్ట్రంలో సేవా వివాదాల కోసం అప్పటికే ఒక ప్రత్యేక వేదిక ఉంది. 1973 నాటి 32వ రాజ్యాంగ సవరణ 371-డి అధికరణాన్ని చేర్చింది. దాని కింద 1976లో ఆంధ్రప్రదేశ్ పరిపాలనా ట్రిబ్యునల్ పని ప్రారంభించింది. కాని ఆ అధికరణంలోని 5వ ఖండం ట్రిబ్యునల్ తీర్పును మార్చే, రద్దు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికే ఇచ్చింది. ప్రతివాదియే తీర్పును తుడిచివేయగల ఈ స్థితిని పి. సాంబమూర్తి కేసులో 1986 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. గ్రామాధికారుల పదవులు పోయిన కాలంలో మాత్రం ఆ ఖండం అమలులోనే ఉంది.

6. అదే ప్రభుత్వం, మరొక వివాదం

పదవి రద్దుతో పోల్చవలసిన మరొక ఘట్టం అదే కాలంలో జరిగింది. 1983 ఫిబ్రవరిలో ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుండి 55 ఏళ్లకు తగ్గించింది. 1983 ఫిబ్రవరి 28న సుమారు 18,000 మంది ప్రభుత్వోద్యోగులు, 10,000 మంది ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు ఒకేసారి ఇంటిముఖం పట్టారు. కె. నాగరాజ్ కేసులో 1985 జనవరిలో సుప్రీంకోర్టు ఈ తగ్గింపును సమర్థించింది.

ఈలోగా 1984 ఆగస్టులో వయస్సు తిరిగి 58కి పెరిగింది. మరి మధ్యకాలంలో 55 ఏళ్లకే ఇంటికి వెళ్లినవారి సంగతి ఏమిటి? బి. ప్రభాకరరావు కేసులో సుప్రీంకోర్టు 1985లోనే వారి పక్షాన నిలిచింది. 1983 ఫిబ్రవరి 28కి, 1984 ఆగస్టు 23కి మధ్య విరమణ చేయించినవారిని కొత్త ప్రయోజనం నుండి మినహాయించడం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. ఇంకా 58 ఏళ్లు నిండనివారు తిరిగి విధులలోకి వచ్చే వీలు ఏర్పడింది.

నాగరాజ్ కేసులో ఓడినవారికి ప్రభాకరరావు కేసులో ఎందుకు ఊరట దొరికింది? మొదటి కేసులో ఉద్యోగులు విధానాన్ని ప్రశ్నించారు. రెండవ కేసులో విధానం ఎవరికి వర్తించింది, ఎవరిని వదిలింది అన్న విషయాన్ని ప్రశ్నించారు. అదే ఏడాది విచారణకు వచ్చిన గ్రామాధికారులకు రెండవ రకం ప్రశ్న వేసే అవకాశం లేదు. వారందరి పదవులూ ఒకేసారి రద్దయ్యాయి కనుక పోల్చి చూపడానికి పక్కన ఎవరూ మిగలలేదు.

7. తాలూకా ఉద్యోగి, చక్కెర కార్మికుడు

పోల్చి చూపడానికి పట్వారీ పక్కన ఎవరూ లేరన్నది న్యాయపరిభాషలోని మాట. చరిత్రకారుడు కొంచెం చుట్టూ చూస్తే ఇద్దరు కనిపిస్తారు.

మొదటివాడు తాలూకా కచేరీ ఉద్యోగి. 1985లో రాష్ట్రంలో మండల వ్యవస్థ వచ్చింది. మద్నూర్ తాలూకా పోయి మద్నూర్ మండలం ఏర్పడింది. ఒక కార్యాలయమే అంతరించినా దానిలోని పూర్తికాల ఉద్యోగులు కొత్త మండల కార్యాలయాలలో సర్దుకొన్నారు. ఏడాదిన్నర వ్యవధిలో ఒకే ప్రభుత్వం చేసిన రెండు పరిపాలనా సంస్కరణలలో ఒకదానిలో మనుషులు కొత్త వ్యవస్థలోకి మారారు, మరొకదానిలో మనుషులు బయటికి వెళ్లారు. తేడా సంస్కరణలో లేదు, ఉద్యోగి కేడరులో ఉంది.

రెండవవాడు పొరుగున ఉన్న బోధన్‌లోని చక్కెర కార్మికుడు. అక్కడి శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ప్రభుత్వ సంస్థగా దశాబ్దాలు సాగింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి మారింది. 2015 డిసెంబర్‌లో యాజమాన్యం లే-ఆఫ్ ప్రకటించింది. కార్మికుల కష్టాలు తీరలేదన్నది నిజమే. అయినా చట్టం దృష్టిలో వారి స్థితి వేరు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 25-ఎఫ్ సెక్షను ప్రకారం ఏడాది పాటు ఎడతెగక పనిచేసిన కార్మికుని రిట్రెంచ్‌మెంట్ చేయాలంటే నెల నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఇవ్వవలసి ఉండేది. చివర చేరినవారిని ముందుగా తీయాలని 25-జి, తిరిగి నియామకాలు జరిగినప్పుడు తీసివేసినవారికి ముందు అవకాశం ఇవ్వాలని 25-హెచ్ చెప్పాయి. 1965లో చేర్చిన 2-ఎ సెక్షను వల్ల యూనియన్ తోడు లేకపోయినా ఒంటరి కార్మికుని తొలగింపు సైతం పారిశ్రామిక వివాదంగా లెక్కకు వచ్చింది.

ఆదర్శ యజమానిగా ఉండాలని అందరూ కోరుకొనే ప్రభుత్వం తన గ్రామాధికారికి కల్పించని విధివిధానాన్ని ఫ్యాక్టరీ యజమానిపై మాత్రం విధించింది. ఈ వైరుధ్యం భారత సేవాశాస్త్రంలో చాలాకాలంగా ఉన్నదే. మద్నూర్, బోధన్ల మధ్య దూరంలో అది కళ్లకు కడుతుంది.

8. 2020: పదవి పోయింది, జీతం నిలిచింది

పటేల్ పట్వారీల తరువాత గ్రామానికి పలు పేర్లతో ఉద్యోగులు వచ్చారు. గ్రామ సహాయకుడు, గ్రామ పరిపాలనాధికారి, పంచాయతీ కార్యదర్శి, చివరకు గ్రామ రెవెన్యూ అధికారి. 2020 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దు చేస్తూ చట్టం చేసింది. బిల్లు సభ ముందుకు రావడానికి రెండు రోజుల ముందే, సెప్టెంబర్ 7న, రాష్ట్రమంతటా ఒకే రోజులో వారి నుండి దస్త్రాలు స్వాధీనం చేసుకొన్నారు.

1984తో పోలిస్తే ఇక్కడ ఒక పెద్ద మార్పు ఉంది. అయిదు వేలకు పైగా ఉన్న గ్రామ రెవెన్యూ అధికారులు పూర్తికాల ఉద్యోగులు. వారి పదవి పోయినా జీతం కొనసాగింది. 2022 జూలైలో ఆర్థిక శాఖ జారీ చేసిన 121వ నంబరు ఉత్తర్వు ద్వారా వారిని ఇతర శాఖలలో సర్దుబాటు చేశారు. ఏ శాఖకు ఎవరు వెళ్లాలన్నది జిల్లాలలో లాటరీ పద్ధతిలో తేలింది.

ఇక్కడే కొత్త రకం మొర మొదలైంది. ఇప్పుడు ప్రశ్న ఉద్యోగం ఉందా లేదా అన్నది కాదు. రెవెన్యూలో గడించిన సీనియారిటీ కొత్త శాఖలో లెక్కకు వస్తుందా? పదోన్నతి వరుసలో ఎక్కడ నిలబడాలి? చీటీ తీసిన ఫలితాన్ని ఎవరి ముందు ప్రశ్నించాలి? చీటీకి కారణం ఉండదు కనుక దానిపై అప్పీలులో వాదించడానికి కూడా ఏమీ ఉండదు. 2016లో తెలంగాణ తన పరిధిలో పరిపాలనా ట్రిబ్యునల్‌ను ముగించింది కనుక ఈ వివాదాలన్నీ హైకోర్టుకే చేరాయి. నష్టపోయిన వ్యక్తి మళ్లీ రిట్ పిటిషనరు అయ్యాడు.

అదే సమావేశాలలో వచ్చిన మరో చట్టాన్ని కూడా ఇక్కడ స్మరించాలి. 2020 నాటి భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం రెవెన్యూ కోర్టులను తొలగించింది. తహసీల్దారు చర్యపై ఆర్డీఓకు, ఆపైన అప్పీలు చేసుకొనే పాత అంచెలు రైతుకు లేకుండా పోయాయి. అలా ఒకే సమయంలో గ్రామంలో భూమి లెక్క రాసేవాడికి, ఆ లెక్కలో పేరున్నవాడికి ఇద్దరికీ మొర వినే మెట్లు కరువయ్యాయి. 2025 భూభారతి చట్టం రైతుకు అప్పీలు అంచెలను తిరిగి తెచ్చింది. అదే ఏడాది పూర్వ గ్రామ రెవెన్యూ అధికారులు, సహాయకుల నుండి పరీక్ష ద్వారా ఎంపికైనవారు గ్రామ పాలనాధికారులుగా మళ్లీ పల్లెకు వచ్చారు. రద్దయిన పదవి పని మాత్రం రద్దు కాలేదని ఈ పునరాగమనం చెబుతోంది.

9. ముప్పై రెండేళ్ల తరువాత ఒక దిద్దుబాటు

వెంకటరెడ్డి తీర్పు కథ 1985తో ముగియలేదు. బిహార్‌లో 1989లో ఆర్డినెన్సు ద్వారా సంస్కృత పాఠశాలలను ప్రభుత్వం స్వాధీనం చేసుకొంది. ఆ ఆర్డినెన్సులు పదేపదే జారీ అయి చివరకు చట్టం కాకుండానే ముగిసిపోయాయి. తాము ప్రభుత్వోద్యోగులమే అని ఉపాధ్యాయులు కోర్టుకెక్కారు. కృష్ణకుమార్ సింగ్ కేసుగా ప్రసిద్ధమైన ఈ వివాదంలో 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆర్డినెన్సులను పదేపదే జారీ చేయడం రాజ్యాంగాన్ని వంచించడమేనని చెప్పింది. ముగిసిపోయిన ఆర్డినెన్సు ప్రభావం శాశ్వతంగా నిలుస్తుందన్న వెంకటరెడ్డి తీర్పులోని సిద్ధాంతం సరైనది కాదని కూడా మెజారిటీ తీర్పు తేల్చింది.

అంటే మన గ్రామాధికారులు 1985లో చేసిన వాదనలలో ఒక ముఖ్యభాగం సరైనదేనని 2017లో అత్యున్నత న్యాయస్థానం పరోక్షంగా ఒప్పుకొంది. ఆ తీర్పు వల్ల బిహార్ ఉపాధ్యాయులకు ఉద్యోగాలు రాలేదు, తెలుగు గ్రామాధికారులకు పదవులు తిరిగి రాలేదు. సూత్రం గెలిచింది, దానిని మొదట వినిపించిన మనుషులకు అందులో వాటా దక్కలేదు. అప్పీలుకు గడువు ఎందుకు ఉంటుందో, వేదిక దగ్గరలో ఎందుకు ఉండాలో ఈ ఆలస్యం చెప్పకనే చెబుతుంది.

10. చర్చ: రెండు నిర్ణయాలను విడదీయడం

పై ఘట్టాలన్నింటిలో రెండు నిర్ణయాలు కలిసిపోయి కనిపిస్తాయి. పదవి అవసరమా కాదా అన్నది మొదటి నిర్ణయం. అది విధానానికి చెందినది. ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమే దానిని తీసుకోవాలి, దానికి చట్టసభలో జవాబు చెప్పాలి. ఆ పదవిలోని మనిషికి ఏం దక్కాలి, అతడు ఎక్కడికి వెళ్లాలి, అతని సేవ ఎలా లెక్కకు రావాలి అన్నది రెండవ నిర్ణయం. ఇది వ్యక్తికి చెందినది. దీనిలో పొరపాటు జరగవచ్చు, పక్షపాతం జరగవచ్చు, లెక్క తప్పవచ్చు. కనుక దీనికి అప్పీలు ఉండాలి.

ఈ విభజన ఊహాజనితమైనది కాదు. అమెరికా సమాఖ్య ప్రభుత్వంలో సిబ్బంది తగ్గింపు జరిగినప్పుడు ఉద్యోగుల వరుసను నిర్ణయించడానికి ఉద్యోగ స్వభావం, మాజీ సైనికులకు ప్రాధాన్యం, సేవాకాలం, పనితీరు అనే నాలుగు అంశాలు ఉన్నాయి. అర్హులైనవారు 1978 సంస్కరణ చట్టం ద్వారా ఏర్పడిన మెరిట్ సిస్టమ్స్ ప్రొటెక్షన్ బోర్డుకు 30 రోజులలో అప్పీలు చేసుకోవచ్చు. తగ్గింపు విధానం మంచిదా కాదా అన్నది బోర్డు ప్రధానంగా చూడదు. నియమాల ప్రకారం జరిగిందా, వరుస సరిగా కట్టారా అన్నది చూస్తుంది. మన దేశంలోనూ కేంద్ర ప్రభుత్వంలో మిగులు ఉద్యోగులను ఇతర కార్యాలయాలకు మార్చడానికి 1990 నియమాలు ఉన్నాయి.

అయితే విదేశీ నమూనా కోసం వెదకవలసిన అవసరం మద్నూర్ పాఠకునికి లేదు. 1956 చట్టం 115వ సెక్షను ఆ నమూనాను ఇక్కడి గ్రామాల మీదుగానే నడిపించింది. దానిలో మూడు లక్షణాలు ఉన్నాయి. ప్రభావితులైన వారందరూ విజ్ఞప్తి చేసుకోవచ్చు. ఆ విజ్ఞప్తిని సరిగా పరిశీలించడం కోసమే సంఘం ఉంటుంది. ఆ సంఘం మొదటి నిర్ణయాన్ని అమలుచేసే రాష్ట్రానికి వెలుపల ఉంటుంది. 1984 ఆర్డినెన్సులో గాని, 2020 చట్టంతో మొదలై 2022 ఉత్తర్వుతో ముగిసిన సర్దుబాటులో గాని ఈ మూడూ కలిసి కనిపించవు. 1984లో రెండవ నిర్ణయమే లేదు, మనుషులందరూ మొదటి నిర్ణయంతోనే వెళ్లిపోయారు. 2022లో రెండవ నిర్ణయం ఉంది, కాని అది లాటరీకి అప్పగించబడింది.

దీనికి ఎదురుగా ఒక వాదన రావచ్చు. వేలమంది ప్రభావితులైన సంస్కరణలో ఒక్కొక్కరి మొర వింటూ కూర్చుంటే సంస్కరణే ఆగిపోతుందన్నది ఆ వాదన. 1956 అనుభవం దీనికి సమాధానం. అప్పుడు సంస్కరణ ఒక రాష్ట్రానిది కాదు, దేశమంతటిది. రాష్ట్రాల ఏర్పాటు నవంబర్ 1న ఆగలేదు. విజ్ఞప్తుల పరిశీలన దాని వెనుక సాగింది. మొర వినడం వల్ల అమలు ఆగదు, అమలులోని తప్పులు దిద్దుబాటు అవుతాయి.

11. ముగింపు

పటేల్ పట్వారీ వ్యవస్థ పోవడాన్ని ప్రజాస్వామ్య పరిణామంగా చూసే దృష్టిని ఈ వ్యాసం కాదనదు. ఆ వ్యవస్థ బరువు మోసిన రైతు కథ మొదట చెప్పవలసినదే. కాని ఒక రాజ్యం తన పౌరులతో ఎలా వ్యవహరిస్తుందన్న దానికి తాను ఇష్టపడని ఉద్యోగితో వ్యవహరించే తీరు కూడా ఒక కొలమానం. శిక్షపడినవానికి మూడు నెలల గడువు, పై అధికారి ఉన్నచోట ఏ తప్పూ మోపబడకుండా కొలువు పోయినవానికి ఒక్క చిరునామా కూడా లేకపోవడం నియమాలలోని పెద్ద ఖాళీ.

ఈ ఖాళీని పూరించడానికి పదవుల రద్దు చట్టాలలో ఒక చిన్న సెక్షను చాలు. ప్రభావితులైన ప్రతి ఒక్కరికీ సర్దుబాటు, పరిహారం, సీనియారిటీలపై కారణాలతో కూడిన ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు అందిన నాటి నుండి నిర్ణీత గడువులో, ఉత్తర్వు ఇచ్చిన శాఖకు వెలుపలి సంఘానికి విజ్ఞప్తి చేసుకొనే హక్కు ఉండాలి. కారణం రాయవలసి వస్తే చీటీకి చోటుండదు. పార్ట్‌టైమ్, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పేర్లతో నేడు గ్రామ, మండల స్థాయిలో పనిచేస్తున్నవారికి ఈ ప్రశ్న పటేల్ పట్వారీలకంటే ఎక్కువగా వర్తిస్తుంది. వారు కూడా సగం ఉద్యోగులే. బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు రాష్ట్రం మారిన రోజున చట్టం అక్కడి ఉద్యోగులకు ఇచ్చిన మాటను, రాష్ట్రం మారని రోజులలో పదవి కోల్పోయేవారికి కూడా ఇవ్వగలగాలి.